జీపుకు రెండు బ్యాటరీలు ఎందుకు?

మీలో చాలామంది జీపు ఎక్కే ఉంటారు. కాని మొరాయించిన జీపును రాత్రివేళ, చలిలో, కొండదారిలో తోసినవాళ్లు ఎందరున్నారు? నేను తోశాను. 1999 డిసెంబరులో జరిగిన ఆ సంగతితోనే ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆ రాత్రి నేర్చుకున్నంత విద్యుచ్ఛాస్త్రం నేను బి.ఇడి. చదివిన రోజుల్లో కూడా నేర్చుకోలేదు.

అప్పట్లో సెలవులు వచ్చాయంటే మేము నలుగురైదుగురు సైన్సు మాస్టార్లం ఒక పాత డీజిలు జీపు అద్దెకు తీసుకుని విశాఖ మన్యంలో తిరిగేవాళ్లం. చింతపల్లి కొండల్లోని ఆ ప్రాంతం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. పగలు సూక్ష్మదర్శిని చూపించడం, రాత్రి తెర కట్టి గ్రహాల బొమ్మలు, మానవ శరీరం బొమ్మలు చూపించడం మా పని. ఆ ఊళ్లలో చాలావాటికి అప్పటికి కరెంటు లేదు. ప్రొజెక్టరు, మైకు, రెండు దీపాలు, అన్నీ జీపు బ్యాటరీ మీదే నడిచేవి.

ఆ రాత్రి ప్రదర్శన మూడు గంటలు సాగింది. పిల్లలు వదలలేదు, మాకూ ఉత్సాహం ఆగలేదు. తెర విప్పుతుండగా ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. పదేళ్ల కొడుకును కట్లపాము కరిచిందట. "బాబూ, బండి తీయండి" అన్నాడు. డ్రైవరు తాళంచెవి తిప్పాడు. "టక్" అని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పితే మళ్లీ "టక్". ఇంజను కదలలేదు. చిత్రమేమిటంటే జీపులోని చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది!

ఊరంతా కలిసి జీపును వాలుదాకా తోశారు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. అందుకని వాలులో దొర్లిస్తూ గేరు వేస్తే చక్రాలే ఇంజనును తిప్పి నడిపిస్తాయి. అలాగే జరిగింది, కాని ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. కట్లపాము విషం నరాల మీద పనిచేసి చివరకు ఊపిరిని ఆపుతుంది, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. ఎవరో గాటు పెట్టబోతే మేము ఆపి, కాలు కదపకుండా పడుకోబెట్టి కిందికి తీసుకెళ్లాం. ఆసుపత్రిలో విరుగుడు మందు ఎక్కించారు, పిల్లవాడు బతికాడు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఎవరమూ మాట్లాడలేదు. బ్యాటరీని తాగేసింది మేమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ప్రొజెక్టరు బల్బు 100 వాట్లది. 12 వోల్టులతో భాగిస్తే 8 ఆంపియర్ల పైచిలుకు. మైకు యాంప్లిఫయరు 5 ఆంపియర్లు, దీపాలు రెండూ కలిసి మరో 5. మొత్తం సుమారు 18 ఆంపియర్లు. మూడు గంటలకు 54 ఆంపియరు-గంటలు. ఆంపియరు-గంట అంటే ఒక ఆంపియరు ప్రవాహం ఒక గంటసేపు మోసుకుపోయే ఆవేశం, అంటే 3600 కూలుంబులు.

మా బ్యాటరీ మీద 75 ఆంపియరు-గంటలని రాసి ఉంది. మరి ఇంకా 21 మిగలాలి కదా? ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 75 అనేది బ్యాటరీని మెల్లగా, 20 గంటలపాటు, నాలుగు ఆంపియర్ల లోపున వాడితే వచ్చే లెక్క. 18 ఆంపియర్ల చొప్పున తొందరగా లాగితే అంత ఇవ్వదు. పైగా చలి, పైగా రెండేళ్ల పాత బ్యాటరీ. మిగిలింది అడుగు బొడుగే.

అయితే ఇంజనును స్టార్టు చేయడానికి ఎంత కావాలో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. స్టార్టరు మోటారు దాదాపు 250 ఆంపియర్లు లాగుతుంది, కాని అయిదు సెకన్లే. 250ని 5తో గుణిస్తే 1250 కూలుంబులు. అంటే ఒక ఆంపియరు-గంటలో మూడోవంతు! నిండు బ్యాటరీలో నూరో వంతు కూడా కాదు. మరి అడుగున మిగిలిన కాస్తతో ఇంజను ఎందుకు తిరగలేదు? దీపం ఎందుకు వెలిగింది?

దీనికి జవాబు బ్యాటరీ లోపలే ఉంది. ప్రతి ఘటానికీ అంతర్నిరోధం ఉంటుంది. నిండు బ్యాటరీకి అది 0.01 ఓమ్ అనుకోండి. 250 ఆంపియర్లు పోయేటప్పుడు లోపలే రెండున్నర వోల్టులు ఖర్చై మోటారుకు 10 వోల్టులు చేరతాయి. మోటారు తిరుగుతుంది. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ ఆమ్లం పలచబడి అంతర్నిరోధం పెరుగుతుంది. అది 0.03 ఓమ్ అయిందనుకుంటే లోపలే ఏడున్నర వోల్టులు మాయం. మిగిలే నాలుగు వోల్టులకు మోటారు కదలదు. దీపానికి కావలసింది రెండు మూడు ఆంపియర్లే. ఆ ప్రవాహానికి లోపల పోయేది వోల్టులో పదోవంతు. అందుకే దీపం వెలుగుతుంది, ఇంజను తిరగదు. దీపం వెలుగుతోంది కదా అని బ్యాటరీ బాగుందనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు.

బ్యాటరీ లోపలికి ఒకసారి తొంగిచూద్దాం. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు ఘటమే ఇప్పటికీ మన బళ్లలో ఉంది. ధన పలక మీద సీసపు డయాక్సైడు, ఋణ పలకగా మెత్తని సీసం, రెండింటి మధ్య సజల గంధకికామ్లం. విద్యుత్తు వాడుకునేటప్పుడు రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం నీరవుతుంది. ఎదురు ప్రవాహం పంపి నింపితే ఈ మార్పు వెనక్కు తిరుగుతుంది. ఒక్కొక్క గది 2 వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఆరు గదులు శ్రేణిలో కలిస్తే నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు. ఆమ్లం విశిష్ట సాంద్రత నిండు బ్యాటరీలో సుమారు 1.27 ఉంటుంది, వాడేకొద్దీ తగ్గుతుంది. బ్యాటరీ దుకాణంలో రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో ఆమ్లాన్ని పీల్చి చూస్తారే, వాళ్లు కొలిచేది దీన్నే.

ఖాళీ బ్యాటరీని అలాగే రోజుల తరబడి వదిలేస్తే సల్ఫేటు గట్టిపడి రాయిలా తయారవుతుంది. తరువాత ఎంత విద్యుత్తు పంపినా కరగదు.

అన్ని సీసపు బ్యాటరీలూ ఒకటి కావు. బండి స్టార్టు చేసే బ్యాటరీలో పలకలు పలచన, ఎక్కువ. వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇవ్వగలదు. కాని అడుగంటా వాడితే ఆ పలచని పలకలు కొద్దిరోజుల్లోనే రాలిపోతాయి. ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టే బ్యాటరీ వేరు. దాని పలకలు మందం, కొన్నింటిలో గొట్టాల ఆకారం. అది గబాలున ఇవ్వలేదు, నిదానంగా గంటల తరబడి ఇస్తుంది. మొదటిది నూరు గజాల పరుగుపందెగాడు, రెండోది బరువు మోసుకుంటూ పదిమైళ్లు నడిచే మనిషి. మేము చేసిన తప్పు పరుగుపందెగాడి నెత్తిన మూట పెట్టడం.

రైతు ఇంట్లో చూడండి. తిండి వడ్లు ఒక గాదెలో, విత్తనపు వడ్లు వేరే. ఆకలేసినా విత్తనాల జోలికి పోరు. జీపులోనూ అదే చేయాలి. ఇంజనుకు ఒక బ్యాటరీ, మన వాడకానికి ఇంకొక బ్యాటరీ.

"ఇంతేనా! ఇంకో బ్యాటరీ కొని పక్కన తగిలిస్తే సరి" అంటారేమో. మేమూ అలాగే అనుకున్నాం. శ్రేణిలో కలిపితే 24 వోల్టులై బల్బులన్నీ మాడిపోతాయి, కనుక సమాంతరంగా కలపాలి. కాని ఎప్పుడూ కలిపే ఉంచితే రెండూ కలిసి ఖాళీ అవుతాయి. రెండు గాదెల మధ్య గోడ కూల్చినట్టే. ఇంజను తిరుగుతూ ఆల్టర్నేటరు విద్యుత్తు పుట్టిస్తున్నప్పుడు రెండూ కలవాలి, ఇంజను ఆగగానే విడిపోవాలి. ఇదీ అసలు సమస్య.

చేత్తో వేసే పెద్ద స్విచ్చి పెట్టవచ్చు. చవక, పాడయ్యేది కాదు. కాని మనిషికి మతిమరుపుంది కదా! పాముకాటు రాత్రి స్విచ్చి తీయడం మరిచామంటే కథ మళ్లీ మొదటికే. రెండో మార్గం డయోడు. ఒకవైపే పోనిచ్చే ద్వారం లాంటిది. వినడానికి చక్కగా ఉంది, కాని సిలికాన్ డయోడు దాటేటప్పుడు సుమారు 0.7 వోల్టు పోతుంది. ఆల్టర్నేటరు ఇచ్చేది 14.2 అయితే బ్యాటరీకి చేరేది 13.5. బ్యాటరీ ఎప్పటికీ కడుపునిండా తినదు. మూడోది రిలే, అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చి. నాకు నచ్చింది ఇదే.

నర్సీపట్నంలో ఒక ఆటో ఎలక్ట్రికల్ మేస్త్రి దగ్గరికి జీపు తీసుకెళ్లాం. ఆయన చదివింది అయిదో తరగతి. నేను బొమ్మ గీసి చూపిస్తే, "బాగానే ఉంది మాస్టారూ, కాని తాళంచెవి వైరు నుంచి రిలేకి ఇవ్వకూడదండి. చెవి తిప్పగానే రెండు బ్యాటరీలూ కలిసిపోతాయి. స్టార్టరు కొత్తదాన్నుంచి కూడా లాగుద్ది, ఫ్యూజు ఎగిరిపోద్ది" అన్నాడు. నిజమే! ఆయన మాట ప్రకారం ఆల్టర్నేటరు విద్యుత్తు పుట్టించడం మొదలయ్యాకనే వోల్టు చూపే టెర్మినల్ నుండి ఆ సంకేతం తీసుకున్నాం.

ఆయన చెప్పినదానికి విరుద్ధంగా నేను పట్టుబట్టింది ఒకటుంది. డబ్బు మిగులుతుందని పాత స్టార్టరు సోలినాయిడును రిలేగా పెట్టమన్నాను. వందల ఆంపియర్లు మోయగలది కదా అని నా వాదన. రెండు గంటల ప్రయాణంలో అది కమురు వాసన వేసి కాలిపోయింది. సోలినాయిడు చుట్ట మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, అంటే నలభై యాభై వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్‌ను ఒక చిన్న డబ్బాలో పెట్టి మూత వేసినట్టు! స్టార్టరు సోలినాయిడు అయిదారు సెకన్లు పనిచేయడానికి పుట్టింది, గంటల తరబడి కాదు. ఎంత ప్రవాహం మోస్తుందని అడిగాను గాని ఎంతసేపు మోస్తుందని నేను అడగలేదు. తరువాత ఎడతెగకుండా పనిచేసే రకం రిలే కొన్నాం.

రెండో పొరపాటు కూడా నాదే. కొత్త బ్యాటరీని జీపు వెనక భాగంలో పెట్టి, ముందునుంచి 5 మీటర్ల తీగ లాగాం. దీపాలకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఇంట్లో మిగిలి ఉంటే అదే వేశాం. రోజూ రెండు గంటలు తిరిగినా బ్యాటరీ నిండేది కాదు. ఎందుకో మీరే చెప్పండి. రాగి విశిష్ట నిరోధం ఓమ్-మీటర్లలో 1.7ను పది కోట్లతో భాగించినంత. దీన్ని పొడవుతో గుణించి వైశాల్యంతో భాగిస్తే ఆ తీగ నిరోధం 0.034 ఓమ్ వస్తుంది. చూడటానికి ఎంతో కాదు. కాని 30 ఆంపియర్లు పంపాలంటే ఒక వోల్టు దారిలోనే పోతుంది. 14.2 వోల్టులు బయలుదేరితే 13.2 చేరుతుంది. నింపే వోల్టేజికి, బ్యాటరీ సొంత వోల్టేజికి మధ్య తేడాయే ఒకటిన్నర వోల్టులు. అందులో ఒకటి దారిలో పోతే ఇక మిగిలేదేమిటి? బ్యాటరీ నిండేకొద్దీ ప్రవాహం తగ్గి నష్టమూ తగ్గుతుంది కాబట్టి రోజంతా నడిపితే నిండేదేమో. మాకున్నవి రెండు గంటలే. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాక నష్టం వోల్టులో ఆరోవంతుకు పడిపోయింది.

ఇక ప్రమాదాల మాట. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. 12 వోల్టులు ముట్టుకుంటే షాకు కొట్టదు. అందుకని భయం లేదనుకోకండి. ధన తీగ ఎక్కడైనా ఒరిసిపోయి జీపు ఇనుప శరీరానికి తగిలితే అడ్డేమీ ఉండదు. 12ను 0.01తో భాగించి చూడండి, 1200 ఆంపియర్లు! తీగ ఎర్రగా కాలి బండి అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు. అదీ ఒకటి కాదు, రెండు బ్యాటరీల ధన ధ్రువాల పక్కనే చెరొకటి ఉండాలి. తీగకు రెండు చివరలా బ్యాటరీ ఉంది కదా, మధ్యలో తెగి ఇనుముకు తగిలితే రెండువైపులనుంచీ ప్రవాహం వస్తుంది. మేము 60 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టాం.

బ్యాటరీ తీసేటప్పుడు ముందు ఋణ తీగ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. జీపు శరీరమంతా ఋణ ధ్రువానికే కలిపి ఉంటుంది. అది కలిసి ఉండగా ధన ధ్రువం మీద పెట్టిన స్పానరు పక్కనున్న రేకుకు తగిలిందా, స్పానరే ఫ్యూజు అవుతుంది. మేస్త్రి ఎడమ ఉంగరపువేలు చుట్టూ కాలిన మచ్చ ఉంది, ఒకనాడు ఆయన ఉంగరం తీయకుండా పనిచేసిన గుర్తు. నిండుతున్న బ్యాటరీనుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు వంతులు చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. కనుక మనుషులు కూర్చునే మూసిన చోట నీరు పోసే రకం బ్యాటరీ పెట్టరాదు. మేము వెనక బయటి పెట్టెలో, గాలి ఆడేలా, కింద రబ్బరు పట్టా వేసి, పైన ఇనుప పట్టీతో బిగించాం. కొండదారిలో ఎగిరెగిరి పడితే పలకలమీది పదార్థం రాలిపోతుంది మరి.

ఈ రెండు బ్యాటరీల పద్ధతిని విరివిగా వాడే దేశం ఆస్ట్రేలియా. అక్కడి సింప్సన్ ఎడారిలో వెయ్యికి పైగా ఇసుక దిబ్బలను ఒకటి తరువాత ఒకటి దాటుకుంటూ పోవాలి. రోజుల తరబడి పెట్రోలు బంకుండదు, తోసేందుకు ఊరివాళ్లుండరు. తిండి పాడవకుండా జీపులో చిన్న ఫ్రిజు నడవాలి, తెల్లవారితే ఇంజనూ నడవాలి. ఆ ఎడారి ప్రాంతాల జనానికి విద్యుత్తు కరువు కొత్త కాదు. 1928లో అక్కడ విమానంలో ఎగిరివచ్చే వైద్యుల సేవ మొదలైంది. కాని వైద్యుణ్ణి పిలవడం ఎలా? 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు సైకిలులా పెడలు తొక్కితే పనిచేసే రేడియోను తయారుచేశాడు. బ్యాటరీ దొరకని చోట కాళ్లే బ్యాటరీ!

మేము పెట్టిన రిలే కంటే తెలివైనవి ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి వోల్టేజిని తామే చూసుకుని సుమారు 13.3 వోల్టుల దగ్గర కలుపుతాయి, 12.8కి పడితే విడదీస్తాయి. రెండు వేర్వేరు అంకెలెందుకంటారా? ఖాళీ బ్యాటరీని కలపగానే వోల్టేజి కాస్త పడుతుంది. ఒకే అంకె అయితే కలవడం, విడిపోవడం, కలవడం, ఇలా రిలే టకటకలాడుతూనే ఉంటుంది.

కొత్త బళ్లలో ఇంకో చిక్కు. ఇంధనం ఆదా కోసం వాటి ఆల్టర్నేటరు అవసరాన్ని బట్టి వోల్టేజిని తగ్గిస్తూ ఉంటుంది. అప్పుడు ఈ రిలే మోసపోతుంది. అటువంటి బళ్లలో తక్కువ వోల్టేజిని పెంచి బ్యాటరీకి అందించే ఎలక్ట్రానిక్ ఛార్జరు వాడుతారు. రెండో బ్యాటరీగా లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం పెట్టినా ఆ ఛార్జరే మేలు. ఆ రకం బరువు తక్కువ, చాలావరకు వాడుకోవచ్చు కూడా. కాని నిండుగా ఉండి ఖాళీగా కూర్చున్నప్పుడే దాని వోల్టేజి 13.3 దగ్గర ఉంటుంది. రిలే దాన్ని చూసి ఇంజను నడుస్తోందని భ్రమపడి విడదీయదు.

బండి బ్యాటరీతో మీరు ప్రయోగాలు చేయవద్దు. దానికి బదులు ఒక కొత్త టార్చి ఘటం, ఒక వాడేసిన ఘటం, ఒక టార్చి బల్బు, బడిలోని మల్టీమీటరు తీసుకోండి. మొదట బల్బు తగిలించకుండా రెండు ఘటాల వోల్టేజి కొలవండి. తేడా కొద్దిగానే కనిపిస్తుంది. తరువాత బల్బు వెలుగుతుండగా కొలవండి. పాత ఘటం వోల్టేజి ఎంత పడిపోతుందో చూడండి. పడిపోయిన వోల్టులను ప్రవాహంతో భాగిస్తే అంతర్నిరోధం వస్తుంది. మా జీపు ఆ రాత్రి "టక్" మనడానికి కారణం ఆ అంకెలోనే ఉంది.

చివరకు మా జీపులో కుదిరింది 100 ఆంపియరు-గంటల గొట్టపు పలకల బ్యాటరీ. దాన్ని సగానికి మించి వాడకూడదని నియమం పెట్టుకున్నాం. అంటే 50 ఆంపియరు-గంటలు, 18 ఆంపియర్ల చొప్పున రెండుగంటల నలభై అయిదు నిమిషాలు. మూడు గంటల ప్రదర్శనను రెండున్నరకు కుదించాం. వాడిన 50 తిరిగి నింపాలంటే కనీసం మూడుగంటలు ఇంజను నడవాలి, చివరి భాగం మరీ నెమ్మదిగా నిండుతుంది. కాబట్టి వరుసగా రెండు రాత్రులు ప్రదర్శన పెట్టడం మానేశాం.

మరుసటి చలికాలం ఆ ఊరికే మళ్లీ వెళ్లాం. బొమ్మలు చూపించడం అయ్యాక తెర మడుస్తున్నాం. ఒక కుర్రవాడు జీపు వెనక చేతులు ఆనించి, తోయడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. దీపం ఎత్తి చూస్తే వాడే, పాము కరిచినవాడు.

"ఇప్పుడు తొయ్యాలా మాస్టారూ?" అన్నాడు.

"అక్కర్లేదురా, పక్కకు రా" అన్నాను. డ్రైవరు చెవి తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వాడి ముఖంలో కాస్త నిరాశ కనిపించింది.